సీసాకెక్కని సువాసన

సింహాచలం పేరెత్తితే ఉత్తరాంధ్రలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి గంధమూ సంపెంగా. ఒకటి గర్భగుడిలో, రెండోది కొండ దారి పక్క గంపల్లో. అత్తరు పని తెలిసినవాడు ఈ రెంటినీ ఒకేచోట చూస్తే ఊరికే వదలడు. మన దేశపు అత్తరు అంటేనే పూల ఆవిరిని గంధపు నూనెలోకి దించడం కదా. ఆ పని మీదే ఉత్తరాదిన కన్నౌజ్ పట్టణం తరతరాలుగా బతుకుతోంది. సింహాచలం నుంచి తీరం వెంబడి రెండున్నర వందల కిలోమీటర్లు పైకి వెళ్తే గంజాం జిల్లాలో మొగలిపూల అత్తరు బట్టీలు కనిపిస్తాయి. ఇక్కడ గంధం ఉంది, సంపెంగ ఉంది, ఏడాది పొడవునా వచ్చిపోయే జనం ఉన్నారు, కొండ దిగితే రేవు ఉంది. అయినా సింహాచలానికి పేరు తెచ్చిన అత్తరు ఒక్కటీ లేదు. దీన్ని మనవాళ్ల చేతగానితనం కింద కొట్టిపారేయడం తేలికే గానీ, ఆధారాలు అటు మొగ్గు చూపడం లేదు. పరిమళాన్ని సీసాలో దాచుకోవలసిన అవసరం ఇక్కడి ఆచారానికి కలగలేదన్నది నా వాదన. గబుక్కున వచ్చి పోయే పచ్చి పండువాసననూ, నిదానంగా నిలిచే చెక్కవాసననూ ఇక్కడివాళ్లు ఒంటిమీదే కలుపుకున్నారు. అత్తరు ఏ లోటు తీర్చడానికి పుట్టిందో ఆ లోటును ఈ కొండ వేరే దారిలో ముందే తీర్చుకుంది.

సంపెంగను దగ్గరగా చూడటంతో మొదలుపెట్టాలి. మొగ్గ ఆకుపచ్చగా, కొనదేరి, సన్నని నూగున్న తొడుగులో ఉంటుంది. తొడుగు రాలి రేకులు విడే వేళకు లేత పసుపులో ఇంకా పచ్చిఛాయ మిగిలే ఉంటుంది. అప్పుడు దాని వాసనలో రెండు తెలుస్తాయి: విరిచిన లేతకొమ్మ పసరు, బాగా మాగిన పండు తీపి. పొద్దు గడిచేకొద్దీ రేకు బంగారు రంగుకు, ఆపైన నారింజకు తిరుగుతుంది. పసరు తగ్గి తీపి చిక్కబడుతుంది, కాస్త మత్తు కలుస్తుంది. ఆ తర్వాత అంచులు కమిలి గోధుమరంగు పడితే ఇక దాని పని అయిపోయినట్టే. ఈ వాసనను విడదీసి చూసిన రసాయనవేత్తలకు అందులో ద్రాక్షపండును తలపించే మిథైల్ ఆంత్రనిలేట్, గులాబీలో ఉండే ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్, మల్లెలకు మత్తునిచ్చే ఇండోల్, పండ్లలోనూ వయొలెట్ పూలలోనూ కనిపించే అయనోన్ల వర్గం దొరికాయి. పువ్వుకు పండువాసన ఎందుకంటే దానికీ కారణం ఉంది. సంపెంగ మాగ్నోలియా కుటుంబపు చెట్టు. ఆ కుటుంబంలో పుప్పొడి మోసే పని ఎక్కువగా పెంకుపురుగులదే. మాగిన పండు కోసం తిరిగే పురుగును రప్పించాలంటే పువ్వు పండులా గుబాళించాలి. తుమ్మెద సంపెంగ మీద వాలదని మన కవులు అనాదిగా చెబుతున్నారు. ఆ అవమానం భరించలేక తపస్సు చేసిన సంపెంగ చివరికి అందగత్తె ముక్కుగా పుట్టిందని వసుచరిత్రలో రామరాజభూషణుడు చమత్కరించాడు. చమత్కారం కవిదే అయినా, దాని అడుగునున్న గమనిక చెట్టును చూసినవాళ్లది.

పచ్చి పండువాసన సంగతి ఇంకా స్పష్టంగా తెలియాలంటే తెలుగిళ్ల పెరళ్లలో పందిరికి పాకే ఆకుసంపెంగను చూడాలి. సకలఫల సంపెంగ అన్నా మనోరంజితమన్నా ఇదే. పేరుకు సంపెంగ గానీ నిజానికి ఇది సీతాఫలం కుటుంబానిది. పువ్వు ఆకురంగులోనే ఉండి ఆకుల మాటున కనిపించదు. గట్టిగా, పచ్చిగా ఉన్నంతసేపు వాసన అంతంతమాత్రం. రేకు పసుపు తిరిగేసరికి ఎక్కడున్నదీ ఇల్లంతా తెలిసిపోతుంది. ఏ పండును తలచుకుని వాసన చూస్తే ఆ పండే తగులుతుందని మనవాళ్ల నమ్మకం. గుప్పెట్లో కాసేపు మూసి పట్టుకుంటే ఒకసారి మాగిన అరటి, ఇంకోసారి అనాస, మరోసారి జామ అనిపించే మాట వాస్తవమే. ఒంటివేడికి అందులోని ఎస్టర్లు ఒక్కసారిగా లేస్తాయి. అనాస, మామిడి వంటి పండ్ల వాసనలో పాలుపంచుకునే ఇథైల్ బ్యూటిరేట్ అనే ఎస్టర్ అణుభారం 116. గంధపు నూనెకు ప్రాణమైన శాంటలాల్ అణుభారం 220. బరువులో తేడా రెండింతలకు లోపే గానీ ఆవిరయ్యే వేగంలో తేడా వేల రెట్లకు పైమాటే. పండువాసన ఏదైనా ఒంటిమీద నిమిషాల లెక్కన బతుకుతుంది, గంధం గంటల లెక్కన బతుకుతుంది. సువాసనల చరిత్ర అంతా ఈ రెండు గడియారాలను ఒక దారికి తేవడానికి మనుషులు పడ్డ తంటా అని చెప్పవచ్చు.

ఇక గంధం. సింహాచలంలో వరాహలక్ష్మీనరసింహస్వామి ఏడాదంతా చందనపు పూతలోనే ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే నిజరూప దర్శనం. అంతకుముందు అర్ధరాత్రి దాటాక అర్చకులు వెండి బొరిగెలతో పాత పూతను ఒలుస్తారు. పగలంతా దర్శనాలయ్యాక కొండమీది గంగధార నీటితో సహస్రఘటాభిషేకం చేసి మళ్లీ చందనం అద్దుతారు. ఆ పూత ఒక్కరోజుతో పూర్తికాదు. అక్షయ తృతీయకు మూడు మణుగులు, వైశాఖ పౌర్ణమికి మూడు, జ్యేష్ఠ పౌర్ణమికి మూడు, ఆషాఢ పౌర్ణమికి మూడు. విడతకు సుమారు 125 కిలోల చొప్పున మొత్తం 500 కిలోల దాకా పచ్చిచందనం. ఇదంతా యంత్రంలో పొడి కొట్టి కలిపింది కాదు. చందనోత్సవానికి ముందు రోజుల తరబడి సానరాళ్ల ముందు కూర్చుని గంధపు చెక్కను నీళ్లతో అరగదీస్తారు. చెక్కను రాతి మీద వత్తి గుండ్రంగా తిప్పుతుంటే మొదట పలచని నీరు, తర్వాత మీగడలాంటి ముద్ద వస్తుంది. దాన్ని వేలితో తీసి గిన్నెలో వేసుకుని మళ్లీ చుక్క నీరు. నీరెక్కువైతే గంధం జారిపోతుంది, తక్కువైతే రాయి చెక్కను పట్టేసుకుంటుంది. తయారైన ముద్దకు సుగంధ ద్రవ్యాలు కలుపుతారు. ఒలిచిన పాత చందనం భక్తులకు ప్రసాదంగా వెళ్తుంది.

ఈ ముద్ద ఒంటిమీద ఎలా నడుస్తుందో గమనిస్తే నా వాదనకు అసలు బలం తెలుస్తుంది. మెడకో చేతికో రాసిన క్షణంలో తెలిసేది చల్లదనం. అప్పుడే అరిగిన చెక్కలోని పచ్చిదనం, కొద్దిగా ఘాటు పైకి వస్తాయి. నీరు ఇగిరేకొద్దీ ఘాటు పోయి పాలమీగడను తలపించే మెత్తని తీపి మిగులుతుంది. పూర్తిగా ఎండితే వాసన పోయిందనిపిస్తుంది గానీ పోదు. నూనె చెక్కపొడిలోనే ఉండి, చెమట తగిలినప్పుడల్లా మళ్లీ లేస్తుంది. ఉక్కపోసే విశాఖ తీరంలో ఇది చిన్న సంగతి కాదు. పైనుంచి చల్లుకునే అత్తరును చెమట చెడగొడుతుంది, సానగంధాన్ని మాత్రం మేలుకొలుపుతుంది. 20వ శతాబ్దంలో డబ్ల్యూ. ఎ. పౌచర్ అనే ఇంగ్లండు సుగంధ నిపుణుడు సువాసన పదార్థాలను ఆవిరయ్యే వేగాన్ని బట్టి 1 నుంచి 100 దాకా అంకెలేసి వరుసపెట్టాడు. ముందు లేచేవి, మధ్యలో నిలిచేవి, అడుగున మిగిలేవి అని నేటి పెర్ఫ్యూమ్ దుకాణాల్లో వినిపించే మూడంచెల లెక్కకు ఊతమిచ్చింది ఆ పట్టికే. అందులో చివరి అంకె 100 పొందినవాటిలో గంధపు నూనె ఉంది. ఆ లెక్కను సింహాచలానికి తెచ్చి చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. అడుగు వాసన నాలుగు విడతల్లో అద్ది ఏడాదికొకసారి ఒలిచేది, పై వాసన ఏ రోజుకారోజు కోసుకొచ్చే పువ్వు. ఇంట్లో పేరంటానికొచ్చిన ముత్తైదువకూ అదే వరస: మెడకు గంధం, జడకు పువ్వు. ఒకటి నిలుస్తుంది, ఒకటి మారుతుంది.

అత్తరుకీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. అత్తరు పారిపోయే వాసనను కట్టిపడేస్తుంది. పూల ఆవిరి గంధపు నూనెలో చిక్కుకుని, విడిగా ఉంటే పోవలసినంత తొందరగా పోదు. సింహాచలం ఆచారం దాన్ని పోనిచ్చి, మర్నాడు కొత్తది తెచ్చుకుంటుంది. జడలోని సంపెంగ మెడమీది గంధంలో కరగదు కాబట్టి రసాయనశాస్త్రం ప్రకారం ఇక్కడ ఏదీ దేన్నీ పట్టి ఉంచడం లేదనే మాట నిజమే. అయితే ముక్కుకు చేరేసరికి రెండూ కలిసే చేరుతున్నాయి. పై వాసన తరిగినప్పుడు కింది వాసన ఖాళీ లేకుండా అందుకుంటోంది. ఈ ఏర్పాటు సాగాలంటే ఒక్కటే షరతు. పూలచెట్టు పూటలో చేరుకునేంత దగ్గర్లో ఉండాలి. సింహగిరి వాలులో ఆ షరతు తీరింది. అనాస, పనస, మామిడి తోటల మధ్య సంపెంగ చెట్లు, కింద అడవివరం లాంటి ఊళ్లు, తెల్లవారకముందే కోసి గంపలకెత్తే చేతులు. తాజాపువ్వు అంత చేరువలో ఉన్నచోట దాన్ని ఉడకబెట్టి సీసాకెక్కించే పని ఎవరు పెట్టుకుంటారు?

తెలివి లేక చేయలేదన్న మాటకు చరిత్రే జవాబు చెబుతుంది. ఈ తీరానికి సుగంధద్రవ్యాల వ్యాపారం కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ఓడ సరుకుల మీద సుంకాలు చెబుతూ గంధం, నాటు కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, జవ్వాది, కర్పూర తైలం, ఇతర సుగంధాలు అని వరుసగా పేర్కొంటుంది. పన్నీరంటే గులాబీల బట్టీ నీరు. అంటే వాసనను ఆవిరిగా మార్చి నీళ్లలో పట్టవచ్చునన్న సంగతి తెలుగు రేవుల్లో సుంకం లెక్కకు అందినంత మామూలు విషయం. సింహాచలంలో చోళ కులోత్తుంగుని కాలపు 1098-99 నాటి శాసనం మొదలు వందల శాసనాలున్నాయి. 13వ శతాబ్దంలో, తూర్పు గాంగ రాజు మొదటి నరసింహదేవుని ఏలుబడిలో ఇప్పటి గుడి కట్టడం సాగింది. కళింగ శిల్పులను రప్పించగలిగి, తెలుగు, సంస్కృతం, తమిళం, ఒడియా నాలుగు భాషల్లో దానాలు రాయించుకున్న దేవాలయానికి నాలుగు బట్టీలు పెట్టించడం కష్టమా? కావాలనుకుంటే రాజులే పెట్టించేవారు.

కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో భాగంగా 1516లో ఈ కొండెక్కి, తల్లిదండ్రుల పుణ్యం కోసం 991 ముత్యాల హారంతో సహా నగలు సమర్పించాడని ఇక్కడి శాసనమే చెబుతోంది. ఆయన రాసిన ఆముక్తమాల్యద కథ మన విషయానికి బాగా దగ్గర. గోదాదేవి దేవుడికి కట్టిన మాలను ముందు తన జడలో తురుముకుని ఆ తర్వాత పంపిస్తుంది. మైలపడిందని తండ్రి బెంగపడితే, దేవుడికి ఆ మాలే ఇష్టమని తేలుతుంది. శ్రీవైష్ణవంలో దీనికున్న భక్తి అర్థాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు. కానీ ఒంటికి తగిలిన పువ్వు తగలని పువ్వుకన్నా ఎక్కువదని చెప్పే కథను ఒక మహారాజు కావ్యవస్తువుగా ఎన్నుకున్నాడంటే, పరిమళం పూర్తయ్యేది ఒంటిమీదేననే భావన ఆనాటి చదువరులకు వింతగా తోచలేదని అర్థం. శ్రీవైష్ణవుల పద్ధతి నడిచే సింహాచలంలో ఆ భావన ఇంకా గట్టిగానే ఉండి ఉంటుంది.

సంపెంగ మాత్రం సీసాకు తనంతట తానే ఎదురుతిరిగే పువ్వు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తి అని ఒక అధ్యాయం రాశాడు. అందులో సంపెంగ వాసన వేసే నూనెకు ఒక పాకం ఉంది. మంజిష్ఠ, నఖం, శుక్తి, దాల్చినచెక్క, కోష్ఠు, బోళం పొడిచేసి నువ్వులనూనెలో వేసి ఎండలో కాచమంటాడు. గమనించవలసిందేమంటే ఆ పాకంలో సంపెంగపువ్వు లేదు! ఉజ్జయిని నాగరికులకు సంపెంగ వాసన కావాలి, చెట్టు మాత్రం అన్ని కాలాల్లోనూ అందుబాటులో లేదు, పువ్వు నిలవదు. అందుకని వేళ్లు, బెరళ్లు, బంకలతో దాన్ని బొమ్మకట్టారు. తర్వాతి కాలంలో నువ్వులను సంపెంగలతో పొరలు పొరలుగా పరిచి, వాసన పట్టాక గానుగాడి తీసే సంపెంగనూనె వచ్చింది. అది తలకు రాసుకునేది, అందులో మిగిలేది పువ్వు బరువు తీపి మాత్రమే, పచ్చిదనం కాదు. బట్టీలో మరిగిస్తే లేత పసరు, పండువాసన ముందే దెబ్బతింటాయి. అందుకే ఇవాళ ఖరీదైన పెర్ఫ్యూముల కోసం సంపెంగ సారాన్ని నీటి ఆవిరితో కాకుండా ద్రావణులతో తీస్తారు. పద్నాలుగు పదిహేను వందల ఏళ్ల ఈ ప్రయత్నాల జాబితా ఒక్కటే చెబుతోంది. చెట్టుకు దూరంగా ఉన్నవాళ్లే సంపెంగను సీసాకెక్కించబోయారు.

గంజాంతో పోలిస్తే ఇది మరింత తేటపడుతుంది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం, విశాఖపట్నం రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలో పక్కపక్క జిల్లాలు. ఒకే తీరం, ఒకే ఎండ, బరంపురంలో తెలుగు మాట. అయినా ఛత్రపురం, గోపాలపురం వైపు మొగలి అత్తరు పరిశ్రమగా నిలబడింది. కారణం మొగలిపువ్వు స్వభావంలో ఉంది. మొగలిరేకు ఎండినా వాసన విడవదు, చీరల పెట్టెలో నెలల తరబడి దాచుకుంటారు. రాగి డేగిశాలో నీటితో మరిగిస్తే దాని వాసన చెడకుండా ఆవిరితో వచ్చి గంధపు నూనెలో కూర్చుంటుంది. ముళ్ల పొదల్లో, ఇసుక దిబ్బల మీద పూసే ఆ పువ్వుకు స్థానికంగా వాడకం తక్కువ, బయట గిరాకీ ఎక్కువ. శివపూజకు మొగలి పనికిరాదన్న నియమం కూడా తెలిసిందే. వాడకం తక్కువ, నిలవ ఎక్కువ ఉన్న పువ్వు వ్యాపారానికి దొరికింది. వాడకం ఎక్కువ, నిలవ తక్కువ ఉన్న సంపెంగ చెట్టు కింది ఊళ్లలోనే ఖర్చయిపోయింది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. స్వామికి చందనం పూసేది వాసన కోసం కాదు, ఉగ్రం చల్లార్చడానికి. పుట్టలో దొరికిన స్వామికి పురూరవుడు తొలగించిన పుట్టమన్ను ఎంతో అంత చందనం పూయాలని ఆకాశవాణి పలికిందని స్థలపురాణం. అందులో సుగంధశాస్త్రం ఎక్కడుంది? నిజమే, అక్కడ లేదు. కానీ చల్లదనానికీ వాసనకూ మధ్య గోడ కట్టింది మనమే. ఎండలు ముదిరే వైశాఖంలో పూత మొదలై వానలు పడే ఆషాఢంలో ముగియడం చల్లదనం లెక్క. తడి ఇగిరేటప్పుడే ఒళ్లు చల్లబడుతుంది, ఆ ఇగురులోనే వాసనా లేస్తుంది. రెండూ ఒకే చర్యకు రెండు ముఖాలు. చల్లదనం ఒక్కటే కావాలంటే పుట్టమన్నే చాలు, గుడి ఏటా అంత డబ్బు పోసి గంధపు చెక్క కొననక్కరలేదు, దానికి సుగంధ ద్రవ్యాలు కలపనక్కరలేదు. అర్చకులు సుగంధ నిపుణులని నేననడం లేదు. వేల సార్లు చేసిన పనికి ఒక పద్ధతి కుదురుతుంది, ఆ పద్ధతిలో తెలివి ఉంటుంది. దానికి సిద్ధాంతం రాసినవాళ్లు లేకపోయినంత మాత్రాన అది లేదనలేం.

గంధం ఈ కొండది కాదు కదా అన్నది రెండో అభ్యంతరం. గుడికి కావలసిన చెక్కను తమిళనాడు అటవీశాఖ దగ్గర కొని తెస్తారు. గంధపుచెట్టు మీద రాజుల పట్టు కూడా పాతదే. మైసూరు సంస్థానంలో అది ప్రభుత్వం సొత్తుగా ఉండేది, 1916లో బెంగళూరులో గంధపు నూనె కర్మాగారం పెట్టిందీ ఆ సంస్థానమే. సరే, అడుగు వాసన అరువుదే. అయితే ఆ అరువే నా మాటను బలపరుస్తోంది. నిలవ ఉండే సరుకు ఎంత దూరం నుంచైనా వస్తుంది, నిలవనిది చెట్టు దగ్గరే వాడాలి. గంధాన్ని కొనుక్కుని, సంపెంగను పెంచుకోవడం ఆ లెక్క ప్రకారమే జరిగింది. కొండది, బయటిది అనే పట్టింపు పెట్టుకుంటే అనాసనూ వదులుకోవాలి. పోర్చుగీసువాళ్లు తెచ్చేదాకా అది ఈ దేశంలోనే లేదు, రాయలు వచ్చేనాటికి సింహగిరి మీద అనాసవాసన ఉండే అవకాశమే లేదు. కొండ వాసన కూడా కాలంతో మారుతూ వచ్చిందే.

మూడోది పేదవాడి వైపు నుంచి వచ్చే ప్రశ్న. గంధం ఎవరి ఒంటికి అందింది? జమీందారుకు, పెళ్లిపందిట్లో పెద్దమనుషులకు అందినట్టు కూలివాడికి అందలేదు. దీన్ని కాదనడానికి లేదు. గంధపు గిన్నె, పన్నీటి బుడ్డి కలిగినవాళ్ల ఇళ్లలో వస్తువులే. అయినా సింహాచలంలో రెండు దారులు తెరిచి ఉన్నాయి. చైత్ర అమావాస్యను ఇక్కడ గంధం అమావాస్య అంటారు. ఆ రోజుకు తీరం వెంబడి ఊళ్ల నుంచి మత్స్యకారులు కుటుంబాలతో వచ్చి వరాహ పుష్కరిణిలో మునిగి కొండెక్కుతారు. స్వామి ఒంటిమీద ఏడాది ఉన్న చందనం ప్రసాదంగా పంచేటప్పుడు చిటికెడైనా చేతికి వస్తుంది. ఇక సంపెంగకు ధనిక పేద తేడా ఎన్నడూ పెద్దగా లేదు. ఒక్క పువ్వు జడలో పెడితే చాలు, మాల అక్కర్లేదు. అత్తరు చరిత్రలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మంచి పై వాసన అందిన చోట్లు అరుదు.

ఈనాటి పౌచర్ పట్టికను పాతకాలపు ఆచారం మీద రుద్దుతున్నానని కూడా అనవచ్చు. పట్టిక కొత్తదే. దానితో కొలిచిన ఆవిరయ్యే వేగం మాత్రం కొత్తది కాదు. పువ్వు తొందరగా వాడుతుందనీ, గంధం తెల్లారినా ఉంటుందనీ తెలుసుకోవడానికి ఎవరికీ పట్టిక అవసరం లేదు. ఆ తెలిసినదాన్ని ఒక్కో సమాజం ఎలా వాడుకుందన్నదే చరిత్ర. కన్నౌజ్ దాన్ని సరుకు చేసింది, గంజాం పరిశ్రమ చేసింది, సింహాచలం రోజువారీ పని చేసుకుంది. ఈ మూడింటిలో మొదటి రెండే చరిత్ర పుస్తకాలకెక్కడానికి కారణం, సరుకుకు లెక్కలుంటాయి, రోజువారీ పనికి ఉండవు.

ఇప్పుడు ఆ రోజువారీ పనికే ముప్పు వచ్చింది. అయనోన్లను ప్రయోగశాలలో తయారుచేయడం జర్మనీలో 1893లోనే మొదలైంది. ఇవాళ అగరొత్తులోనూ సబ్బులోనూ దొరికే సంపెంగవాసనకు చెట్టుతో పనిలేదు. 1933లో రేవు తెరుచుకున్నప్పటి నుంచి నూనెశుద్ధి కర్మాగారం, ఉక్కు కర్మాగారం వచ్చి విశాఖ మహానగరమైంది. కొండ చుట్టూ ఉన్న ఊళ్లలో తోటల స్థానంలో ఇళ్లు లేచాయి. ఈ స్థితిలో సింహాచలం పరిమళాన్ని కాపాడాలంటే దాన్ని సీసాకెక్కించి, ముద్రవేసి, దుకాణంలో పెట్టాలని ఎవరికైనా తోచవచ్చు. అది గంజాంకు సరిపడే వైద్యం, ఇక్కడి జబ్బుకు కాదు. సీసా కాపాడేది నిలవ ఉండే వాసననే. ఆ వాసన చెక్కను ఇంకా కొనుక్కోగలిగినంత కాలం గుడి దాన్ని తనే కాపాడుకుంటుంది. సీసాకు చిక్కని పచ్చి పండువాసన మాత్రం పూటలో అందే చెట్టు ఉంటేనే ఉంటుంది. అందుకని ఈ చరిత్ర ముందుకు సాగడం అత్తరు బట్టీలో లేదు, సింహగిరి వాలులో కొత్తగా నాటే సంపెంగ మొక్కల్లోనూ, వాటి పువ్వును కోసి గంపకెత్తేవాళ్లకు గిట్టుబాటయ్యే ధరలోనూ ఉంది.